గంగాధరప్ప ఊఁ కొట్టిన సంబంధం

ధర్మవరం గంగాధరప్పను ఎవరన్నా "ఏమప్పా, ఖాళీగా ఉండావా?" అని అడిగితే ఆయనకు తిట్టినట్టే ఉంటుంది. ఖాళీయా? ఆయనా? పొద్దున లేచి పండ్లు తోముకుంటూనే చిత్రదుర్గం గిరాకీకి రేటు చెప్పే మనిషాయె! నేతగాళ్ల దగ్గర పట్టుచీరలు తీసుకుని ఫోన్లోనే చూపించి, ఫోన్లోనే బేరమాడి, ఫోన్లోనే అమ్మేస్తాడు. అందుకని రెండు ఫోన్లు, చెవిలో ఎప్పుడూ మినుకుమినుకుమనే బ్లూటూత్. ఎదురుగా టీవీ సరేసరి. "ఒక్క పని పట్టుకుని కూచునేది సోంబేరులు. నేను ఒక్కతూరికే నాలుగు పనులు చేస్తా" అని వీధిలో కనపడినోళ్లకంతా చెప్తాడు. ఆ చెప్పడం కూడా ఫోన్లో ఏదో నొక్కుతూనే చెప్తాడు.

చేస్తాడు, కాదనం. ఎట్లా చేస్తాడని మాత్రం అడక్కూడదు. ఒక శుక్రవారం ఒక చేత్తో దేవునికి హారతిస్తూ, ఇంకో చేత్తో వీడియో కాల్లో చీర కొంగు చూపిస్తూ, చేతులు రెండూ కలగాపులగమై హారతిని ఫోన్‌కే పట్టేశాడు. అవతల శివమొగ్గ ఆమె భక్తిగా కళ్లకద్దుకుని, ఆ చీరనే తీసుకుంది. బేరం కుదిరింది కదా, ఇంక చెప్పాలా! గంగాధరప్ప దాన్ని కూడా తన తెలివిలోనే జమ వేసుకున్నాడు. ఇంకోనాడు ఉగ్గాని బొరుగుల్లో వేసుకోవాల్సిన ఊరిబిండి పచ్చడిని పక్కనున్న నీళ్లచెంబులో వేసుకుని కలిపాడు. తాగాడు కూడా. తాగి, "ఈ పొద్దు నీళ్లు కారంగా ఉండాయే" అన్నాడంటే, ఆయన పెళ్లాం రంగనాయకమ్మ నెత్తి కొట్టుకోక ఏం చేస్తుంది?

ఇంట్లో వాళ్లు ఏం చెప్పినా ఆయన దగ్గర ఒకటే జవాబు. "ఊఁ." గ్యాస్ అయిపోయిందంటే ఊఁ, చుట్టాలు వస్తున్నారంటే ఊఁ, మిద్దె కారుతోందంటే ఊఁ. ఎక్కడైనా కథ చెప్పేటప్పుడు ఊఁ కొడితే, వింటున్నామని అర్థం. గంగాధరప్ప ఊఁ కొట్టాడంటే వినడం లేదని అర్థం. ఈ సంగతి ఆ ఇంట్లో తిరిగే పిల్లికి కూడా తెలుసు.

ఇట్లాంటి మనిషికి ఒక్కతే కూతురు, పావని. రోజూ రైలెక్కి పెనుకొండకు పోయి ఆరో క్లాసు పిల్లలకు పాఠాలు చెప్పి సాయంత్రానికి తిరిగొస్తుంది. నెమ్మదైన పిల్లే కానీ, పెళ్లి సంగతి వచ్చేసరికి మాత్రం మొండిఘటం. వచ్చిన సంబంధాన్నల్లా "వద్దు" అంటూనే వచ్చింది. ఎందుకు వద్దో అడిగితే చెప్పదు. కడకు హిందూపురం నుంచి ఒక సంబంధం వచ్చింది. తండ్రి చంద్రశేఖర్‌ది పట్టుగూళ్ల వ్యాపారం, తల్లి శోభారాణి. పిల్లవాడు అమర్‌నాథ్ చిలమత్తూరులో పశువుల డాక్టరు. కొంచెం పొట్టి, కొంచెం లావు, తల వెనకాల వెంట్రుకలు పల్చబడుతున్నాయి. ముఖం మాత్రం నవ్వుముఖం. వాళ్లొచ్చి చూసి పోయిన తర్వాత పెద్దవాళ్లకు చెప్పే, పావనీ అమర్‌నాథూ పెనుకొండలో ఒక కాఫీ హోటల్లో కూర్చుని మాట్లాడుకున్నారు.

ఆ సాయంత్రం పావని వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది. "నాయనా, ఈ సంబంధం నాకిష్టమే" అంది. అంటూనే బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత ఎందుకిష్టమో చెప్పుకుంటూ పోయింది, శానాసేపు చెప్పింది. గంగాధరప్ప టీవీ చూస్తూ, ఒళ్లో చీర మడత పెడుతూ, చెవిలో దావణగెరె గిరాకీతో బేరమాడుతూ, కూతురికి ఊఁ కొట్టాడు. ఊఁ, ఊఁ, ఊఁ. ఇష్టమే అన్న మొదటి మాట ఒక్కటే ఆయన చెవిలో పడింది. మిగిలిందంతా ఎక్కడికి పోయిందో ఆయనకే తెలియదు.

సరే, ఇష్టమైతే సంతోషమే. తాంబూలాలు ఎప్పుడు మార్చుకుందామని ఇరువైపులా మాటలు నడుస్తుండగా, ఒక మధ్యాహ్నం గంగాధరప్ప ఫోన్‌కు ఒక్క నిమిషంలో రెండు ఫోటోలు వచ్చాయి. ఒకటి శోభారాణి పంపింది. "మీ అన్నదమ్ములకు చూపించాలంటిరి కదన్నా, మావాని ఫోటో. అందరికీ నచ్చిందో లేదో ఒక మాట చెప్పండి" అని కింద రాసింది. ఇంకొకటి మగ్గం నేయించే ఈరక్క పంపింది. ముందురోజు గంగాధరప్ప చూసి మూతి విరిచి వచ్చిన చీర ఫోటో అది. "మళ్లా చూడప్పా, బాగుండాది కదా" అని దాని కింద.

గంగాధరప్ప అప్పుడు అన్నం తింటున్నాడు. టీవీ మోగుతోంది. రెండో ఫోన్లో ఎవరికో చీరలు చూపిస్తున్నాడు. ఈరక్కకు జవాబు చెప్పాలని ఎడమచేత్తో మొదటి ఫోన్ తీసి, కంటికి పైన కనపడినదాన్ని నొక్కి, వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ వాయిస్ ఇది, ఉన్నదున్నట్టు:

"ఫోటోలో బాగానే కనపడ్తాది తల్లీ. కానీ నేను నేరుగా చూసినా కదా, అంత ల్యా. రంగు ఎలిసింది. పొడుగు తక్కువొచ్చింది. బరువు మాత్రం ఉండాల్సినదాని కంటే ఎక్కువుండాది. ముందర చూస్తే సరే అనిపిస్తాది గానీ, ఎనక్కి తిప్పితే పల్చబడి లోపలిది కనపడ్తాంది. ఇట్లాంటి పీసును ఇంట్లో పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారు. రిటన్ తీసుకో. ల్యాకపోతే సగం రేటుకు ఎవురికన్నా అంటగడదాం."

పోయింది. ఎక్కడికి పోయిందో మీకు తెలుసు, నాకు తెలుసు. గంగాధరప్పకు ఒక్కడికే తెలియదు.

కాసేపటికి శోభారాణి నుంచి జవాబు వాయిస్ వచ్చింది. "మా పీసు పొడుగు తక్కువైనా మాకు ముద్దేనన్నా. రిటన్ మేమే తీసుకుంటాండాం. నమస్కారం." గంగాధరప్ప అది కూడా సగం చెవితోనే విన్నాడు. రిటన్ అన్న మాట వినపడింది కదా, "పర్వాల్యా, ఈరక్క గలాటా చేయకుండా ఒప్పుకునింది" అని సంతోషపడి, బొటనవేలు ఎత్తిన బొమ్మ ఒకటి తిరిగి పంపాడు. చేసిన ఘనకార్యం చాలదన్నట్టు!

సాయంత్రం పావని ఇంటికొచ్చింది. చెప్పులు కూడా విడవలేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. టీవీ ఆపేసి, తండ్రి చెవిలో బ్లూటూత్ పీకేసి, తన ఫోన్‌ని ఆయన ముఖం ముందర పెట్టింది. శోభారాణి ఆ వాయిస్‌ను పిల్లకే పంపింది, "మీ నాయన మాట ఒకసారి ఇనమ్మా" అని. గంగాధరప్ప తన గొంతును తానే విన్నాడు. పొడుగు తక్కువ దగ్గర నోట్లో తడారింది. పల్చబడి దగ్గర చెమట పట్టింది. సగం రేటు దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడ్డాడు.

"అయ్యయ్యో! అది ఈరక్క చీర సంగతమ్మా!"

"ఆయమ్మకేం తెలుసు నాయనా ఈరక్క ఎవురో?" అంది పావని.

రంగనాయకమ్మ వంటింట్లో నుంచి వచ్చి మొగుణ్ని కింద నుంచి పైదాకా చూసింది. "రెండు చెవులుండి ఏం లాభం? రెండూ బాడుగకు ఇచ్చేసినావు. ఇంట్లో వాళ్లకు ఒక్కటన్నా మిగల్చల్యా" అంది.

"ఒక్కతూరికి నాలుగు పనులు పెట్టుకుంటే, ఎప్పుడన్నా ఒకటి..." అని గంగాధరప్ప నసిగాడు.

"నువ్వు నాలుగు పనులు చేయడంల్యా నాయనా. నాలుగింటి మీద ఎగురులాడతాండావు. దీని మీద నుంచి దాని మీదకి, దాని మీద నుంచి దీని మీదకి. ఎగిరినప్పుడల్లా ఏదో ఒకటి కిందేస్తాండావు. ఈ తూరి నన్నే కిందేసినావు." అని పావని లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ మాట గంగాధరప్పకు గట్టిగా తగిలింది. కూతురు ఏడుస్తుంటే తండ్రికి ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది ఆయనకూ, ఎంతైనా మనిషే కదా.

ఫోన్ చేసి చెప్పేద్దామన్నాడు. శోభారాణి ఎత్తలేదు. ఎట్లా ఎత్తుతుంది? కడకు తెల్లారి ఆయనే హిందూపురం పోయేట్టు, పోయి ముఖాముఖి క్షమాపణ అడిగేట్టు తీర్మానమైంది.

పొద్దున తండ్రీ కూతురూ ఒకే రైలెక్కారు. పావనిది పెనుకొండ దాకా, ఆయనది హిందూపురం దాకా. పిల్ల ఎదురు సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికే చూస్తోంది. గంగాధరప్ప శోభారాణికి ఏం చెప్పాలో మనసులో కూర్చుకోవాల్సిన సమయం అది. కూర్చుకున్నాడు కూడా, రెండు బేరాల మధ్యన. పెనుకొండ కొండ కనపడగానే పావని సంచి భుజానికి తగిలించుకుని లేచింది.

"నాయనా, ఈ పొద్దు ఒక్కటే పని. ఆయమ్మతో మాట్లాడేది. ఇంగేం వద్దు. సరేనా?"

"ఊఁ" అన్నాడు గంగాధరప్ప.

పావని ఆయన ముఖంలోకి చూసి, ఇంకేం అనకుండా దిగిపోయింది. బండి కదిలాక, తాను అన్నది ఏమిటో ఆయనకు తట్టింది. కిటికీలోంచి తల బయటపెట్టి "సరేనమ్మా! ఇన్నా, ఇన్నా!" అని అరిచాడు. ప్లాట్‌ఫారం మీద బజ్జీలమ్మే ఆమె తప్ప ఎవరూ తిరిగి చూడలేదు.

హిందూపురంలో శోభారాణి ఆయన్ని గుమ్మంలో నిలబెట్టలేదు. రమ్మంది, కూర్చోమంది, మజ్జిగ ఇచ్చింది. కోపంగా ఉన్నప్పుడు మర్యాద ఎక్కువ చేసే మనిషి ఆమె. గంగాధరప్ప చేతులు జోడించి మొదలుపెట్టాడు. "చెల్లెమ్మా, నిన్న జరిగింది శానా తప్పు. ఆ వాయిస్ మీవాని గురించి కానే కాదు..."

సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. అలవాటైపోయిన చెయ్యి కదా, మనిషిని అడగకుండానే ఎత్తేసింది. శోభారాణికి ఒక వేలు చూపించి "ఒక్క నిమిషం చెల్లెమ్మా" అని, ఫోన్లో "ఆఁ, చెప్పు ఈరక్కా. ఆ పీసు సంగతేనా? చెప్పినా కదా, అట్లాంటిది నాకొద్దు!" అన్నాడు.

అన్నాక గాని తానెక్కడ కూర్చుని ఉన్నాడో గుర్తుకు రాలేదు. శోభారాణి చేతిలోని లోటా చేతిలోనే ఉంది. ఆమె లేచి వచ్చి, ఎదురుగా అరచేయి చాపింది. గంగాధరప్ప ఒక ఫోన్ పెట్టాడు. చెయ్యి అట్లాగే ఉంది. రెండోది కూడా పెట్టాడు. చెవిలోది కూడా తీసి పెట్టాడు. ఆమె అవన్నీ తీసుకుపోయి లోపలి గదిలో పెట్టి తలుపు మూసి వచ్చింది.

"ఇప్పుడు సుమ్నే, గమ్మున కూర్చోన్నా. చీర సంగతి అర్థమైంది, ఇప్పుడు నా కండ్లెదురుగానే చూపించినావు కదా. మావాడైతే ఆ వాయిస్ ఇని పడీపడీ నవ్వినాడు. 'నాయమే కదమ్మా, పొడుగు తక్కువే, బరువు ఎక్కువే' అన్నాడు. కడుపు మండింది నాకు. ఒక్కగానొక్క కొడుకు నాకు." ఆమె కళ్లు తుడుచుకుంది. "అది పోనీ. నేనొకటి అడుగుతా, చెప్పు. మీ పాప శానామందిని వద్దనింది. మావాన్ని సరే అనింది. ఏమిటికి?"

గంగాధరప్ప నోరు తెరిచాడు. ఎందుకిష్టమో పావని ఆ సాయంత్రం అంతా చెప్పింది. ఎదురుగా కూర్చుని, కళ్లు మెరుస్తూ చెప్పింది. ఏం చెప్పింది? ఆయన గింజుకున్నాడు. ఆరోజు దావణగెరె గిరాకీ ఏ రంగు అంచు అడిగిందో గుర్తుంది. టీవీలో ఏం వస్తోందో గుర్తుంది. కూతురి మాట ఒక్కటంటే ఒక్కటి గుర్తులేదు.

"అంటే... మీవాడు డాక్టరు, మంచి కుటుంబం..." అని మొదలుపెట్టాడు. శోభారాణి చూపు చూసి ఆపేశాడు. చేతిలో తిప్పడానికి ఫోన్ కూడా లేదు. చేతుల్ని ఏం చేయాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"నాకు తెల్దు చెల్లెమ్మా. చెప్పింది. నేను ఇనల్యా."

అంత పెద్ద మనిషి ఆ మాటతో తల దించుకున్నాడు. సిగ్గు, దుఃఖం రెండూ కలిసి వచ్చాయి. శోభారాణి ఆయన్ని ఇంక పొడవలేదు.

"నాకు తెలుసు. మావాడు చెప్పినాడు. కానీ నేను చెప్పను. పోయి మీ పాపనే అడుగు. అడిగి, ఇని, నీ నోటితో నాకు చెప్పు. ఆ తర్వాతే తాంబూలాలు" అంది. భోజనం పెట్టింది. ఫోన్లు తిరిగి ఇచ్చింది.

గంగాధరప్ప సాయంత్రం రైలెక్కాడు. పావని స్కూలు ముగించుకుని పెనుకొండలో ఎక్కేది ఆ బండే. ఫోన్లు ఆపేద్దామనుకున్నాడు. కొన్నప్పటి నుంచీ ఒక్కనాడూ ఆపిన పాపాన పోలేదేమో, ఎట్లా ఆపాలో తెలియలేదు. ఆ పక్కన కూర్చున్న ఆమెను బతిమాలి ఆపించుకున్నాడు. "చెడిపోయినాయా అన్నా?" అని ఆమె పాపం జాలిగా అడిగింది. "ఇవి కాదులేమ్మా చెడిపోయింది" అన్నాడు.

పెనుకొండలో పావని ఎక్కింది. తండ్రిని వెతుక్కుంటూ వచ్చి, ఎదురుగా కూర్చుని, భయంభయంగా అడిగింది. "ఏమనింది నాయనా?"

"నిన్ను ఒకటి అడగమనింది. ఆ పిల్లోడు నీకు ఎందుకు నచ్చినాడు?"

"నీకు చెప్పినా కదా."

"చెప్పినావు తల్లీ. నేను ఇనల్యా. మళ్లా చెప్పు."

పావని ఆయన్ని కొత్తగా చూసింది. చెవి వైపు చూసింది, బ్లూటూత్ లేదు. చేతుల వైపు చూసింది, ఖాళీగా ఉన్నాయి. అప్పుడు మెల్లగా మొదలుపెట్టింది. "ఆరోజు కాఫీ హోటల్లో నేను ఆయప్పకు మా నిర్మల సంగతి చెప్తాంటి. మధ్యలో ఆయప్పకు ఫోనొచ్చింది. ఎవురిదో గొర్రె ఈనలేక అవస్థ పడ్తాందంట. 'ఇది మాట్లాడాలండీ, తప్పదు' అని లేచి పక్కకు పోయి, అదొక్కటే మాట్లాడినాడు. ముగించుకుని ఫోన్ ఆపేసి వచ్చి కూచున్నాడు. నేను ఇంగ ఏదో వేరే మాట ఎత్తుకుంటి. ఆయప్ప ఏమన్నాడో తెలుసునా? 'నిర్మల వాళ్లవ్వ తలుపు తీసిందన్నారు. తర్వాత?' అన్నాడు." పావని ఆగింది. "నేను యాడ ఆపినానో నేనే మర్చిపోయింటి నాయనా. ఆయప్ప మర్చిపోల్యా. నా మాటను అట్లా పట్టుకుని కూచున్నోళ్లు ఎవురూ ల్యారు."

ఎవురూ అన్నదాంట్లో తానెక్కడున్నాడో గంగాధరప్పకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"నిర్మల ఎవురమ్మా?" అన్నాడు.

"రోజూ ఇంట్లో చెప్తానే ఉంటా కదా నాయనా!"

"మొదట్నుంచి చెప్పు."

చెప్పింది. నిర్మల ఆరో క్లాసు పిల్ల. తల్లి బెంగుళూరులో కూలి పని, పిల్ల అవ్వ దగ్గర. బడికి వచ్చి ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. పావని దాన్ని రోజూ తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఒకనాడు అది మొదటిసారి గట్టిగా నవ్వింది. ఆ మర్నాటి నుంచి బడికి రావడం మానేసింది. పావని ఇల్లు వెతుక్కుంటూ పోయింది. అవ్వ తలుపు తీసింది. పావని చేతులు తిప్పుతూ చెప్తోంది, అవ్వ గొంతు పెట్టి మాట్లాడుతోంది, మధ్యలో తానే నవ్వుతోంది. తన కూతురికి ఇంత బాగా కథ చెప్పడం వచ్చునని గంగాధరప్పకు ఇన్నేళ్లూ తెలియదు. ముందుకు వంగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నాడు. నిర్మల వాళ్లమ్మ బెంగుళూరు నుంచి ఫోన్ చేసిన కాడికి వచ్చింది కథ.

అప్పుడు పక్క సీటు ఆమె సంచులు సర్దుకుంటూ అడిగింది. "అన్నా, అనంతపురం ఇంగా ఎంతసేపు?"

గంగాధరప్ప ఉలిక్కిపడ్డాడు. కిటికీలోంచి చూశాడు. చెనక్కాయ చేలు, తెలియని ఊర్లు. "అదేందబ్బా! ధర్మవరం ఇంగా రాల్యా?"

"వచ్చింది నాయనా. పోయింది" అంది పావని, తల వంచుకుని.

ధర్మవరంలో బండి శానాసేపు ఆగుతుంది. టీ అమ్మేవాళ్ల కేకలు, దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, ఊరు ఊరంతా కిటికీ అవతలే ఉంటుంది. అది మొత్తం ఆయన కళ్ల ముందు నుంచే పోయిందన్నమాట.

"నువ్వు చూసినావా? చూసి, చెప్పకూడదామ్మా?"

పావని సంచి అంచు వేలికి చుట్టుకుంటూ అంది. "చెప్తే నువ్వు లేస్తావు కదా నాయనా."

గంగాధరప్పకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దిగడానికి లేవబోయినవాడల్లా మళ్లీ కూర్చుని, ముక్కు తుడుచుకున్నాడు.

"సరేలే, అనంతపురం నుంచి తిరిగొచ్చే బండి ఉంటాది" అన్నాడు. "నిర్మల వాళ్లమ్మ ఫోన్ చేసిందన్నావు. ఏమనింది?"